ముప్పై రెండు గుంజీలు

వాడు నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. ఆశ్రమ పాఠశాలలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినదాన్ని, పెద్దవాళ్లను ఏమని పిలవాలో పిల్లలకు నేర్పినదాన్ని, ఆ మర్యాద నాకు తెలియక కాదు. అయినా ఈ అధ్యాయం పొడుగునా వాణ్ణి వాడు అనే రాస్తాను. బాధపడేవాళ్లెవరైనా ఉంటే ఈ నాలుగు పేజీలూ తిప్పేసి ముందుకు వెళ్లిపోవచ్చు. వాడి పేరు కూడా రాయను. పేరు రాస్తే పుస్తకంలో వాడికి చోటిచ్చినట్టవుతుంది.

ఈ చైత్రంలో ఇటుకల పండక్కి, అంటే మా వేట పండక్కి, మా ఊరు వెళ్లాను. టైడా స్టేషన్ దిగి, పట్టాలు దాటి, కొండమీదికి అరగంట నడిస్తే వచ్చే ఊరు మాది. మనవరాలు అనూషకు సెలవులు, దాన్నీ తీసుకెళ్లాను. మా అన్న కొడుకు సుందర్రావు కింద టూరిస్టుల క్యాంపులో గైడు పని చేస్తున్నాడు. పొద్దున్నే పిల్లల్ని అడవిలో తిప్పుతారత్తా, అనూషని పంపు, నువ్వూ రా అన్నాడు. వెళ్లాను. చెక్క గుడిసెలు, తాళ్ల వంతెన, బాణాలు వేసే చోటు, అడ్డాకులతో విస్తరి కుట్టడం నేర్పే పాక, అన్నీ ఉన్నాయి. ప్రతిదానికీ ఒక బోర్డు, బోర్డు మీద ఎన్ని నిమిషాలు పడుతుందో రాసి ఉంది. మేం పొద్దస్తమానం చేసిన పనులను అరగంటల్లో ముక్కలు కోసి పెట్టారు. పిల్లలు మాత్రం సంతోషంగా ఉన్నారు, అది అబద్ధం చెప్పను. అనూష మెడలో దుర్భిణి వేసుకుని, కనబడిన ప్రతి పికిలిపిట్టకూ నా చెయ్యి గుంజుతోంది.

మాతోపాటు విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక కుటుంబం నడుస్తోంది. తెల్ల టోపీ పెట్టుకున్న తాత, కొడుకు, కోడలు, అనూష ఈడుదే ఒక పిల్ల. ఆ పిల్ల పేరు ఇషిక. ఇద్దరు పిల్లలకూ అప్పటికే స్నేహం కుదిరిపోయింది. వాగు దాటాక పెద్ద మామిడిచెట్టు వస్తుంది. అక్కడ సుందర్రావు అందర్నీ ఆపి నీళ్లు తాగమన్నాడు. టోపీ పెద్దమనిషి చెట్టు మొదట్లో చెయ్యి వేసి, ఈ చెట్టు నాకు తెలుసు అన్నాడు. అందరం వాడి వైపు తిరిగాం.

"మా నాన్నగారు ఇక్కడ ఆఫీసరుగా ఉండేటప్పుడు వేసవి సెలవులు ఇక్కడే గడిపేవాళ్లం. ఒక ముసలాయన మమ్మల్ని అడవంతా తిప్పేవాడు. ఒకసారి నేను ఈ చెట్టు కాయలు దొంగతనంగా తినేసి కడుపునొప్పి తెచ్చుకుంటే, నాన్నగారు ఆ ముసలాయనతో గుంజీలు తీయించారు. లెక్కపెట్టింది నేనే. థర్టీ టూ దగ్గర చతికిలబడ్డాడు పాపం," అన్నాడు. పాపం అన్న మాట నవ్వుతూ అన్నాడు. అందరూ నవ్వారు. సుందర్రావు ఉద్యోగం కోసం నవ్వాడు. అనూష కూడా నవ్వింది, దానికేం తెలుసు. ఆ ముసలాయన మా తాత.

మా తాత పొద్దు పొడవకముందే లేచేవాడు. మా అవ్వ అంతకంటే ముందే లేచి చోడి అంబలి కాచేది. నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తూ గరిట తిప్పేది, ఒక్క నలుసు బూడిద కుండలో పడేది కాదు. చుట్ట వాసన, కట్టెల పొగ, బయట రాలిన ఇప్పపువ్వు తీపి వాసన, ఈ మూడూ కలిస్తే నాకు తెల్లవారినట్టు. అంబలి చల్లారాక ఆనపకాయ బుర్రలో పోసి తాత భుజానికి తగిలించేది. ఆ బుర్రకు ఒక పక్క సొట్ట ఉండేది, ఆ సొట్ట మీద చెయ్యి వేసి నేను వెనక నడిచేదాన్ని. మా నాన్న నా పసితనంలోనే జ్వరంతో పోయాడు, అమ్మ పొలం పని చూసుకునేది, నన్ను తాతకు వదిలేసింది. అందుకే నా మొదటి బడి ఆ బుర్ర వెనకాల నడక.

తాత పాఠం చెప్పే పద్ధతి వేరు. పిట్ట కనబడితే పేరు చెప్పడు. ముందు కూత వినిపిస్తాడు, తర్వాత అది ఏ చెట్టు మీద ఎందుకు కూర్చుందో అడుగుతాడు, రెండు మూడు రోజులు తిప్పుతాడు. నేను దాని తిండీ గూడూ కనిపెట్టాకే పేరు చెప్తాడు. పేరు ముందు తెలిస్తే చూడ్డం మానేస్తావు అనేవాడు. రోజుకో పిట్ట కాదు, నెలకు రెండో మూడో. అడవిలో ఉన్నవన్నీ నాకు అందేసరికి పెళ్లీడు వస్తుందని అవ్వ ఎగతాళి చేసేది. వాగులో రాళ్లెత్తి ఎండ్రకాయలు పట్టడం, అడ్డాకును వెదురు పుల్లతో ఎక్కడ గుచ్చితే చిరగదో, తేనెటీగలు ఎటు పోతున్నాయో నీళ్ల దగ్గర కూర్చుని చూడ్డం, ఇవన్నీ దారిలో దొరికేవి. మధ్యాహ్నం బుర్ర ఖాళీ అయ్యేది, తిరిగొచ్చేటప్పుడు అందులో గులకరాళ్లు వేసుకుని మోగించుకుంటూ దిగేవాళ్లం.

ఆఫీసరు వేసవిలో జీపులో కుటుంబంతో బంగళాకు దిగేవాడు. ఏ శాఖ ఆఫీసరో రాయను, ఆ కుర్చీలో తర్వాత మంచివాళ్లు కూడా కూర్చున్నారు. దిగిన మర్నాడే తాతకు కబురొచ్చేది. పిల్లలు ముగ్గురు, వాళ్లను తిప్పాలి. తాతకు అది చాకిరీ అనిపించేది కాదు, నిజంగానే ఇష్టం. ముగ్గురికీ వెదురు బాణాలు చేసేవాడు, తీగలు ముడేసి ఉయ్యాల కట్టేవాడు, ఆకు పీకలు చేసిచ్చేవాడు. పెద్దవాడు వీడే. కాళ్లకు బూట్లు, నోట్లో ఎప్పుడూ పిప్పరమెంటు. నేను వాళ్ల వెనక నడిచేదాన్ని. బుర్ర మీద చెయ్యి వెయ్యబోతే వీడు తోసేసి తన చెయ్యి వేసేవాడు. అప్పుడే నాకు వాడంటే పడలేదు. మా తాత మాత్రం ఒకటే మాట చెప్పేవాడు, అడవిలోకి తీసుకొచ్చిన పిల్ల ఎవరిదైనా తిరిగి గుమ్మం ఎక్కేదాకా మన ఇంటి పిల్లేనని. ఆ మాటే ఆయన కొంప ముంచింది.

మా ఊళ్లో మామిడి కొత్త అని ఒక పండగ. ఆ రోజు ఊరిపెద్ద మొదటి కాయలు కొండదేవతకు పెట్టాకే ఎవరైనా తినాలి. అంతవరకూ చెట్టు కింద కాయ రాలినా ముట్టుకోం. పసిపిల్లలు తెలియక తింటే, ఆ పూట ఆ పిల్ల ఎవరి చేతి కింద ఉందో ఆ పెద్దమనిషి ఊరి ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి, కోడీ కొబ్బరికాయా ఇవ్వాలి. పిల్లను ఎవరూ ఒక్క మాట అనరు. పిల్ల తప్పు పెద్దవాళ్లే మొయ్యాలి, అది మా పద్ధతి. ఆ ఏడు కొత్తకు ఇంకా వారం ఉంది. మామిడిచెట్టు దగ్గరికి రాగానే వాడు రాళ్లు వేశాడు. "కొత్త కాలేదు బాబూ, ఒక్క వారం ఓపిక పట్టు, నేనే తెచ్చిస్తాను" అని తాత బతిమాలాడు. వాడు నవ్వి, తాత చిన్నవాళ్లిద్దరికీ ఎండ్రకాయలు చూపిస్తున్నప్పుడు చెట్టెక్కి ఒక కొమ్మ విరిచేశాడు. జేబులో ఉప్పూ కారం పొట్లం ముందే తెచ్చుకున్నాడు. ఎన్ని తిన్నాడో లెక్క లేదు. నేను చూశాను, చూసి తాతకు చెప్పాను. తాత విరిగిన కొమ్మకు మట్టి మెత్తి దండం పెట్టాడు.

ఆ సాయంత్రం వాడు కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు. జవాను వచ్చి తాతను పిలుచుకెళ్లాడు, అవ్వా నేనూ వెనకే వెళ్లాం. ఆఫీసరు వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. వాడు అప్పటికే కక్కేసి తేలికపడి, మెట్ల మీద నిలబడి పిప్పరమెంటు చప్పరిస్తున్నాడు. పిల్లాడికి పచ్చికాయలు ఎవరు పెట్టారని ఆఫీసరు అడిగాడు. మా తాత చేతులు కట్టుకుని ఊరిపెద్ద ముందు నిలబడినట్టే నిలబడ్డాడు.

"తప్పు నాదే బాబూ. నా సేతి కిందుండగా తిన్నాడు," అన్నాడు.

కొండ కింది ఏ మనిషైనా ఆ చోట నేను కాదు, మీవాడే ఎక్కి తిన్నాడు అని చెప్పుకుంటాడు. మావాళ్లకు అది చాతకాదు. ఆఫీసరు బిడ్డను తన ఇంటి బిడ్డగా లెక్కేసుకుని, వాడి తప్పు నెత్తికెత్తుకుని, ఆ వారం కోడిని ఎక్కణ్ణించి తేవాలో ఆలోచిస్తూ నిలబడ్డాడు మా తాత. ఆఫీసరు చెవులు పట్టుకుని గుంజీలు తియ్యమన్నాడు. మా తాతకు గుంజీలంటే తెలియదు, మా కొండల్లో ఆ శిక్ష లేదు. జవాను చేసి చూపించాడు. తాత మొదలుపెట్టాడు. వాడు మెట్ల మీంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఎవరూ లెక్కపెట్టమనలేదు. చిన్నవాళ్లిద్దరూ తల్లి చాటుకు పోయారు, వాడు మాత్రం తాత తడబడినప్పుడు అది లెక్కలోకి రాదని అదే అంకె మళ్లీ చెప్పాడు. ఇరవై దాటాక అవ్వ చుట్ట పారేసి వరండా ముందుకు వెళ్లింది. "సాలు బాబూ. మా ముసిలోడేటి సేసినాడు?" అంది. ఆఫీసరు వినలేదు. ముప్పై రెండు దగ్గర తాత మోకాళ్ల మీద పడ్డాడు, భుజాన ఉన్న ఆనపకాయ బుర్ర నేలకు కొట్టుకుని పగిలింది. ముప్పై రెండు అన్నప్పుడు వాడి గొంతులో ఉన్న నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మర్నాడు నేను దూలగొండి తీగ వెతికి, ఎండిన కాయల నూగు ఆకులో పొట్లం కట్టాను. ఒంటికి తగిలితే మనిషి చర్మం ఊడేలా గోక్కుంటాడు. వాడి పరుపు మీద చల్లాలని బంగళా వెనక మాటు వేశాను. జీపు అప్పటికే వెళ్లిపోయింది. ఆ పొట్లం ఇంటి కప్పు గడ్డిలో దాచి ఏటేటా కొత్త నూగు మార్చేదాన్ని. వాడు మళ్లీ రాలేదు, ఆఫీసరుకు బదిలీ అయింది. పొట్లం దొరికి అవ్వ చేతులు దద్దుర్లెక్కిన రోజున నాకు దెబ్బలు పడ్డాయి. ఎవరికోసం దాచానో చెప్పాను. ఆ తర్వాత ఆవిడ కొట్టలేదు, పొట్లం మాత్రం పొయ్యిలో వేసింది.

తాత మళ్లీ ఏ పిల్లనూ అడవిలోకి తీసుకెళ్లలేదు. నన్ను కూడా. ఇంకో బుర్ర ఎండబెట్టుకున్నాడు, ఒక్కడే వెళ్లేవాడు. నేను వెంటపడితే ఆగి, ఇంటికి పొమ్మని చేత్తో సైగ చేసేవాడు. పిల్లను చేతి కింద ఉంచుకునే మనిషిని కాను అనుకున్నాడు కాబోలు, ఎప్పుడూ నోరు విప్పి చెప్పలేదు. నాకు పిట్టలు సగమే వచ్చు. రెండోసగం కూతలు వినిపిస్తాయి, పేర్లు తెలియవు. పుస్తకాల్లో బొమ్మలు చూసి నేర్చుకోవచ్చని చాలామంది చెప్పారు. ఆయన నోటి నుంచి రావాల్సిన పేరు పుస్తకంలో చూడబుద్ధి కాలేదు. ఎవరో తెల్ల టోపీ పెట్టుకుని ఆ సగం అడవినీ నవ్వులాటగా చెప్పుకుని తిరుగుతున్నాడని మాత్రం ఈ చైత్రం దాకా నాకు తెలియదు.

క్యాంపు నుంచి ఇంటికొచ్చాక నాకు అన్నం సయించలేదు. వాళ్లు ఎప్పుడు వెళ్తారని సుందర్రావును అడిగాను. రేపు పది గంటలకు, కారులో అన్నాడు. నా మొహం చూసి సుందర్రావుకు అనుమానం వచ్చి, గొడవేటీ వద్దత్తా, నా ఉద్యోగం పోద్ది అన్నాడు. గొడవ చెయ్యనని మాటిచ్చాను. ఇటుకల పండగలో మగవాళ్లు వేటకని అడవికి పోతే ఆడవాళ్లం రోడ్డుకు అడ్డంగా వెదురు కట్టి, వచ్చీపోయే బళ్లను ఆపుతాం. ఏదో ఒకటి ముట్టజెప్పాలి, లేదా దిగి పాటో ఆటో కట్టాలి. కలెక్టరైనా కాదనలేడు, పండగ అలాంటిది. మా వదిన, అంటే సుందర్రావు తల్లి, ఆ గేటుకు పెద్ద. ఆ ఒక్క కారు నాకు వదిలెయ్యమన్నాను. ఎందుకని అడగకుండానే వెదురు ఎత్తే తాడు నా చేతికి ఇచ్చింది. నేను ఏడింటికే వెళ్లి నిలబడ్డాను. అరవై దాటిన దాన్ని, మోకాళ్ల నొప్పులు ఉన్నదాన్ని, ఆ మూడు గంటలూ కూర్చోబుద్ధి కాలేదు. దూలగొండి ఇప్పుడెక్కడ దొరుకుతుందా అని రోడ్డు పక్క తుప్పల్లో వెతికాను కూడా.

కారు వచ్చింది. వాడు అద్దం దించి నోటు తీశాడు. డబ్బులొద్దు బాబూ, దిగి ముప్పై రెండు గుంజీలు తియ్యాలి అన్నాను. వాడికి గుర్తే రాలేదు. ఇదేదో భలేగా ఉందే అని దిగాడు, కోడలు ఫోను పట్టుకుని వీడియో మొదలుపెట్టింది. ఇషిక చప్పట్లు కొట్టింది. నా పక్కన నిలబడి అనూష కూడా కొట్టింది. వాడు చెవులు పట్టుకుని మొదలుపెట్టాడు, ఆడవాళ్లందరూ నవ్వుతూ లెక్కపెట్టారు. అప్పుడు నాకు ఒళ్లు మండింది. నేను యాభై ఐదేళ్లు మోసుకొచ్చిన పగ వాడికి అరగంట యాక్టివిటీ అయిపోతోంది. బోర్డు ఒక్కటే తక్కువ. ఇంటికెళ్లి ఆ వీడియో నలుగురికీ చూపించి మళ్లీ నవ్వుకుంటాడు. పదిహేను దాటాక వాడికి ఆయాసం వచ్చింది. పదిహేడు దగ్గర కారు మీద చెయ్యి వేసి, చాలమ్మా, వయసైపోయింది అన్నాడు.

"మా తాతకూ వయసైపోయింది. ఆపినారా మీరు?" అన్నాను.

వాడు నన్ను చూశాడు. వరండా కుర్చీ, మెట్లు, పిప్పరమెంటు, పగిలిన బుర్ర, అన్నీ వరసగా చెప్పాను. గొంతు పెంచలేదు, తరగతిలో పాఠం చెప్పినట్టే చెప్పాను. కోడలు ఫోను దించేసింది. వాడి మొహంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. దాచుకోవడం ఎందుకు, ఆ మొహం చూసి నాకు కడుపు నిండింది. వాడు, నేనే తిన్నానని చెబితే నాన్న చంపేసేవారమ్మా, భయపడ్డాను అన్నాడు. భయమైతే ఊరుకుంటారు, లెక్కపెట్టరు అన్నాను. ఇంకా పదిహేనున్నాయి అన్నాను. వాడు మళ్లీ చెవులు పట్టుకున్నాడు, మోకాలు వంగలేదు.

అప్పుడు ఇషిక ముందుకొచ్చింది. ఎవరినీ అడగలేదు. చిన్న చేతులు అడ్డంగా పెట్టి చెవులు పట్టుకుంది, వాళ్ల తాత ముందు నిలబడి కిందికి కూర్చుంది. పద్దెనిమిది అని ఎవరో అన్నారు. పిల్ల లేచింది, మళ్లీ కూర్చుంది. పంతొమ్మిది. రోడ్డు మీద ఇంకెవరూ మాట్లాడ్డం లేదు. ఆ గొంతు నాది. ముప్పై ఏళ్ల నౌకరీలో ఏ పిల్లచేతా గుంజీలు తీయించని నాది. వాళ్ల తాత వద్దమ్మా అంటున్నాడు, పిల్ల వినడం లేదు, నా మొహం వైపే చూస్తోంది, తర్వాతి అంకె కోసం.

మా వదిన వచ్చి నా చేతిలో తాడు లాక్కుంది. "సాలు బుద్రీ. గుంటేటి సేసింది?" అంది. వెదురు పైకి లేచింది. వాళ్లు కారెక్కారు. వాడు ఏదో అనబోయాడు గానీ నేను వినకుండా రోడ్డు దిగిపోయాను. అనూష నా చెయ్యి పట్టుకోలేదు, నాలుగడుగుల వెనక నడిచింది.

ఆ సాయంత్రమే మామిడి కొత్త. కాయలు దేవతకు పెట్టాక, ఈ ఏడు ఎవరిదైనా తప్పుందా అని ఊరిపెద్ద పద్ధతి ప్రకారం అడిగాడు. మా తాత నిలబడినట్టే చేతులు కట్టుకుని నిలబడ్డాను. కోడీ కొబ్బరికాయా ముందే తెచ్చుకున్నాను. ఏటవ్వా, నువ్వు ముందే తినేసినావా అని కుర్రాళ్లు నవ్వారు. ఎవరి పిల్ల విషయంలో అని పెద్ద అడిగాడు. ఊరి పిల్ల కాదు, గేటు దగ్గరికి వచ్చిన పిల్ల, నా చేతి కింద ఉండగా జరిగింది, తప్పు నాదే అన్నాను. అనూష వచ్చి నా పక్కన నిలబడింది. పెద్ద కొబ్బరికాయ కొట్టాడు, అందరికీ పుల్లటి ముక్కలు పంచారు.

పద్దెనిమిది, పంతొమ్మిది, ఆ రెండు అంకెలకు నేను తప్పు ఒప్పుకున్నాను. ఆ ముప్పై రెండూ మాత్రం వాడివే. వాటిని నేను క్షమించలేదు.